రాహుకాలంలో నాపరాయి

కడప ఏడురోడ్ల దగ్గర దస్తగిరి నెట్ సెంటర్‌లో కుర్చీలన్నిటికీ ఒకటే జబ్బు. కూర్చోగానే బుస్సుమని కిందికి దిగుతాయి. పొట్టివాళ్ళా పొడుగువాళ్ళా అని చూడవు, గడ్డం కీబోర్డుకు తగిలేదాకా దించి అక్కడ ఊరుకుంటాయి. లేచి పక్కనున్న మీట పట్టుకుని పైకి లాగితే కాసేపు మర్యాదగా నిలబడి, సరిగ్గా పాస్‌వర్డు కొట్టేటప్పుడు మళ్ళీ బుస్సు. ఉన్న ఒక్క ఫ్యానూ దస్తగిరి వైపే తిరిగి ఉంటుంది, ఎందుకంటే ఆయన దాని మెడను ఒక పాత గుడ్డపేలికతో తన వైపు కట్టేసుకున్నాడు. అడిగితే, "కంప్యూటర్లకు గాలి తగిల్తే దుమ్ము పడ్తాదమ్మా" అంటాడు. ఆ లెక్కన దుమ్ము పడకూడని వస్తువుల్లో క్రిస్టినా కూడా ఒకటి. ఎంసీఏ ఆఖరి సంవత్సరం చదువుతూ, మెడలో పెన్‌డ్రైవు తాయెత్తులా వేలాడేసుకుని, ముక్కు మీది చెమట స్పేస్ బార్ మీద పడుతుంటే, ఆమె పదిన్నర నుంచీ ఏమీ చేయకుండా కూర్చుంది. ఏమీ చేయకుండా కూర్చోవడమే ఇప్పుడు ఆమెకు అప్పజెప్పిన పని. ఎందుకంటే ఈరోజు శుక్రవారం, పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం, రాహుకాలంలో వెబ్‌సైటు ఎక్కించకూడదు.

ఎక్కించకూడదని ఏ పుస్తకంలో ఉంది? ఏ పుస్తకంలోనూ లేదు, కాలేజీ కరస్పాండెంటు నాగసుబ్బయ్య గారి నోట్లో ఉంది, ఆ కాలేజీలో అంతకు మించిన పుస్తకం లేదు. పన్నెండు దాటగానే సెమినార్ హాల్లో దీపం వెలిగిస్తారట, ప్రార్థన పాడతారట, ఆయన మౌసుకు పసుపు కుంకుమ పెట్టి ఒక్క నొక్కు నొక్కుతారట, పిల్లలు తీసిన పొట్టి సినిమా 'నాపరాయి' వెబ్‌సైటు గోడ మీది తెరపై తెరుచుకుంటుందట, చప్పట్లట. హైదరాబాదులో విద్యార్థుల సినిమాల పోటీకి దాన్ని పంపుతున్నారు, అక్కడివాళ్ళు సినిమాకు ఒక సైటు ఉంటే మంచిదన్నారు, అంతవరకు ఎవరికీ ఏ పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆయన ఊహలో వెబ్‌సైటంటే వాళ్ళ నూనె అంగడి షట్టరు. మంచి ఘడియ చూసి పైకి లేపితే లోపల డబ్బాలన్నీ వరసగా సర్దే ఉంటాయి. ఆ డబ్బాలను ఎవరో ముందుగా మోసుకొచ్చి సర్దాలని, దస్తగిరి లైను మీద ఆ మోత గంటకు పైగానే పడుతుందని, పన్నెండుకు తెరవాలంటే రాహుకాలం నడినెత్తిన మొదలుపెట్టాలని ఆయనకు తెలియదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పొద్దున్నే ఎక్కించి ఉంటే పోయేది. పొద్దున్నే ఎక్కించనీయకుండా చేసింది ఆయన భార్య కన్యకమ్మ గారి హారం. ముందిచ్చిన ఫోటోలో హారం సగమే పడిందని ఆమె నిన్న సాయంత్రం మళ్ళీ స్టూడియోకి పోయి దిగి, కడిగించి, స్కాను చేయించి, తీరిగ్గా పదింటికి పంపారు. ఇప్పుడు హారం మొత్తం పడింది. మొహమే కాస్త పక్కకు జరిగింది.

అసలు కన్యకమ్మ గారు ఆ సినిమాలో ఎక్కడున్నారు అని క్రిస్టినా తెరను అడిగింది. తెర మీద హారం మెరిసింది. ఆమె ఉండవలసిన అవసరం ఏముంది, ఉన్నవాళ్ళు ఎవరు ఈ పేజీలో? మొదట ఈ పేజీ ఇట్లా లేదు. మొదట ఇది నల్లగా ఉండేది, తడిపిన నాపరాయి రంగులో. యర్రగుంట్ల దగ్గర గనికి పోయి, ఒక బండ మీద నీళ్ళు చల్లి, ఆ నీళ్ళు ఆరిపోయేలోపల ఫోటో తీసి, దాన్ని చదరంగా కత్తిరించి, అంచుకు అంచు అతుకు తెలియకుండా పరిచింది, పేజీ మొత్తం మన ఇంటి నేల మాదిరి కనిపించేటట్టు. నడుమ ఒకే ఒక్క మొహం. కింద పేరు. ఆ మొహం మీద నొక్కితే సినిమా. ఇంకేం లేదు. అంత తక్కువ పెట్టడానికి ఎంత పని పడుతుందో చేసినవాళ్ళకే తెలుసు, చూసినవాళ్ళకు మాత్రం ఖాళీ కనిపిస్తుంది, మన ఊళ్ళో ఖాళీ కనిపిస్తే ఎవరికో ఒకరికి ఇవ్వాలనిపిస్తుంది. నాగసుబ్బయ్య గారు కళ్ళజోడు నొసటి మీదికి తోసి చూశారు.

"ఇదేందమ్మా, సావు కబురు మాదిరి ఇంత నల్లగా?"

"నాపరాయి సార్. మన రాయే."

"మన రాయే, కాదన్న్యానా? మా ఇంట్లో వంటింటి గట్టు, మెట్లు, దొడ్డి, అన్నీ ఆ రాయే. అయితే దాన్ని యాడ పెట్టాల్నో ఆడ పెట్టినాం, కాళ్ళ కింద. పసుపుపచ్చ పెట్టు. దాని మీద ఎర్రక్షరాలు."

ఆ పైన ఆయన చేయి గాలిలో ఒక పెద్ద చదరం గీసింది. వెబ్‌సైటంటే ఏముండాదమ్మా, ఫ్లెక్సీనే, కాకుంటే గాలికి చినగదు, ఆవు తినదు. ఫ్లెక్సీ అన్నాక దాని ధర్మం దానికుంది. నడుమ ఆయన, కుడివైపు కన్యకమ్మ గారు, ఎడమవైపు ప్రిన్సిపాలు, కింది వరసలో పోయినేడాది వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి, గనికి పోవడానికి కాలేజీ బస్సు ఇచ్చినందుకు రవాణా ఇన్‌ఛార్జి, ఏమీ ఇవ్వకపోయినా పెట్టకపోతే అలుగుతాడు గనక నాగసుబ్బయ్య గారి బావమరిది. రెండు పక్కలా వెలిగే దీపాలు, నిజంగా వెలుగుతున్నట్టు అల్లాడాల. ఎంతమంది చూశారో చెప్పే అంకెల పెట్టె ఒకటి. అది సున్నా నుంచి మొదలవుతుందని విని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "సున్నాతో ఎవరన్నా శుభం మొదలుపెడ్తారా? వెయ్యిన్నూటపదహార్లు పెట్టు." కాబట్టి ఈ సైటు పుట్టకముందే వెయ్యిన్ని నూటపదహారు మంది చూసి పోయారు, వాళ్ళెవరో వాళ్ళకే తెలియాలి. పిల్లల పేర్లు పేజీ అడుగున కుడి నుంచి ఎడమకు పరిగెత్తుతూ ఉంటాయి, వాళ్ళు పిల్లలు గనక పరిగెత్తవచ్చు. ఆ పరుగు చివర, ఊపిరి ఆడనట్టు, 'తదితరులు' అని ఒక మాట. సినిమా మొదటినుంచి చివరిదాకా కనిపించేది ఒకే ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషీ తదితరులు. సినిమాలో లేనివాళ్ళందరూ పేరు పేరునా ఉన్నారు. దర్శకుడు కళ్యాణ్ ఆరోజు పక్కనే నిలబడి ఉన్నాడు. సినిమాలో శ్రమ గురించి, అన్యాయం గురించి మాట కూడా లేకుండా చూపించిన కుర్రవాడు, సారు గదిలోనూ అదే పద్ధతి పాటించాడు, మాట లేదు. బయటికొచ్చినాక మాత్రం, "సార్ చెప్పినట్టు చేసెయ్‌పా, ఎట్లైనా బస్సు ఆయన్ది" అన్నాడు. బస్సు ఆయనదే. గనికి పోయే దారి ఎవరిది, ఆ గనిలో ఎండ ఎవరిది, అని అడగబోయి ఊరుకుంది. అడిగితే ఎండకు కూడా ఫోటో పెట్టమంటాడు.

ఆ తదితరుల పేరు వరమ్మ. క్రిస్టినాకు పెద్దమ్మ, నాయన వాళ్ళ అన్న భార్య. గనిలో కోసిన బండలను ఎత్తి లారీలో పేర్చే పని. నడుము మీద చేయి పెట్టి, మోకాలు ముందుకు తోసి, బండను తొడ మీదికి వాల్చుకుని, అక్కడినుంచి భుజానికి, చంటిబిడ్డను నిద్ర లేవకుండా ఎత్తుకున్నట్టు. సినిమా అంతా అదే. పగలంతా ఊరివాళ్ళ వంటింటి గట్టులకు పోయే బండలు ఎత్తుతుంది, సాయంత్రం ఇంటికొచ్చి మట్టినేల మీద మూడు రాళ్ళ పొయ్యి ముందు గొంతుకూర్చుని సంగటి కెలుకుతుంది. అంతే. కెమెరా ప్రొద్దుటూరులో పెళ్ళిళ్ళు తీసే ఆయనది, ఆయన అలవాటు కొద్దీ తెర మీద సంగటి గిన్నె చుట్టూ గులాబీల హారం వేద్దామన్నాడు, వద్దనడానికి తల ప్రాణం తోకకొచ్చింది. కళ్యాణ్ ఆమెతో, "మీరు సహజంగా నడవాలమ్మా" అన్నాడు. పెద్దమ్మ బండ భుజం మీద ఉండగానే ఆగి, వాణ్ణి కిందినుంచి పైదాకా చూసి, "ఇన్నేండ్లుగా నడుస్తాండా నాయనా, ఈ పొద్దు నువ్వొచ్చి నేర్పిస్తాండావా?" అని, నవ్వింది. ఆ నవ్వే క్రిస్టినా ఫోటో తీసింది. చెంప మీద తెల్లటి రాతిపొడి, ఆ పొడిలో నవ్వుకు చీలిన గీతలు, కొంగు భుజం దగ్గర చినిగి, చినిగిన చోట ఇంకో రంగు గుడ్డ అతుకు. క్రిస్టినా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆ అతుకు చీరల మీద తల పెట్టుకునే నిద్రపోయేది. ఇంటి ముందు పగిలిపోయిన బండముక్కలు నాలుగు పరిచి ఉండేవి, పెద్దమ్మ రెండు చెంబుల నీళ్ళు పోస్తే పగలు తాగిన వేడంతా పొగలాగా పైకి లేచి, అప్పుడు వీపు ఆనిస్తే చల్లగా, చెరువు గట్టు వాసన, కాదు, పలక తుడిచిన వాసన. ఆ ముక్కలు కూడా పగిలినవి గనకే ఆమెకు దక్కాయి. బాగున్న బండ ఒక్కటీ ఆమె ఇంటిదాకా నడిచి రాలేదు, కన్యకమ్మ గారి దొడ్డిదాకా మాత్రం వచ్చింది.

"వెబ్‌సైటంటే యాడుంటాది పాపా? యా వీధి?" అని అడిగింది పెద్దమ్మ పోయిన ఆదివారం చర్చి అయిపోయినాక.

"వీధిలో కాదు పెద్దమ్మా, కంప్యూటర్లో. లోకమంతా చూడొచ్చు."

"లోకం సంగతి సరే. నేను సూడాలంటే యాడికి రావాల?"

శుక్రవారం కాలేజీకి రా, పెద్ద తెర మీద చూపిస్తా, నడుమ నువ్వే ఉంటావు అని చెప్పేసింది క్రిస్టినా. అప్పటికి పేజీ నల్లగానే ఉంది. పచ్చబడింది సోమవారం. పచ్చబడిందని పెద్దమ్మకు చెప్పడానికి ఆమె ఇంట్లో ఫోను లేదు, ఉన్నా ఏమని చెప్తారు, నడుమనుంచి నిన్ను తదితరుల్లోకి మార్చినాం అనా? పోనీ కాలేజీ మీదేసి తిట్టుకుందామంటే ఇంట్లో ఏం తక్కువ? అమ్మ, విశ్వాసమ్మ, మున్సిపల్ స్కూల్లో టీచరు, పిల్లలకు శ్రమను మించిన గౌరవం లేదని బోర్డు మీద రాయించే మనిషి, నల్ల పేజీ చూసి తలుపు గడియ వేసొచ్చి మరీ గొంతు తగ్గించింది. "ఆ చినిగిన చీరలో ఏందే? మనోళ్ళు నలుగురు సూస్తారు. క్రిస్మస్‌కు కట్టిన పట్టుచీర ఫోటో ఉండాది గదా, అది పెట్టు." పట్టుచీర కట్టుకుని రాళ్ళు మోస్తాదామ్మా అంటే, "మోస్తే ఏం? సినిమానే గదా" అంది. అంటూ తడిగుడ్డతో వంటింటి గట్టు తుడిచింది, ఇంటికెవరొచ్చినా ముందు చూపించేది ఆ గట్టునే, అద్దె ఇల్లయినా సరే. ఊరు ఊరంతా పెద్దమ్మ దించిన బండ మీదే ఉల్లిగడ్డలు తరుగుతుంది, ఆమె చీర అతుకు చూస్తే మాత్రం కళ్ళు మండుతాయి. ఆ పైన ఈరోజు పొద్దున, గడప దాటుతుంటే, "మనకు రాహుకాలాలూ గీహుకాలాలూ లేవు, ఏసయ్య ఉండాడు" అని ధైర్యం చెప్పి, వెనకనుంచి మళ్ళీ పిలిచి, "అయినా పన్నెండు దాటినాకే ఎక్కియ్యి, ఎందుకొచ్చిన పేచీ" అంది. దేవుడి మీద అంత నమ్మకమూ రాహువు మీద అంత జాగ్రత్తా ఒకే కొంగున కట్టుకుని తిరగడం మా అమ్మకే చెల్లింది అనుకుంటుండగా సెల్లు మోగింది. కాయిన్ బాక్సు నంబరు.

"పాపా, నేనే. యర్రగుంట్ల బస్టాండులో ఉండా. బస్సు ఎక్కుతాండాం."

"ఎక్కుతాండాం అంటే?"

"నేనూ, గనిలో నాతో పనిచేసే గాబ్రియేలు పెండ్లామూ, వాళ్ళ అత్తా. ముగ్గురం పని ఎగ్గొట్టినాం లే. నా మొగం ఎట్ల పడింది పాపా? నవ్వినట్ట పడిందా, ఏడ్సినట్ట పడిందా?"

"నవ్వినట్టే పెద్దమ్మా."

"అయితే సరే, వీళ్ళకు ముందే చెప్పినా, మీరు తెరను సూడండి, నేను మిమ్మల్ని సూస్తా అని—" అక్కడికి రూపాయి అయిపోయింది.

తెర మీద హారం. హారానికి అటూ ఇటూ దీపాలు అల్లాడుతున్నాయి. ముగ్గురు ఆడవాళ్ళు పని మానుకుని బస్సెక్కి వస్తున్నారు, వచ్చి హాలు వెనక నిలబడి, కుర్చీలు ఎట్లాగూ ఉండవు, ఈ హారాన్ని చూస్తారు, బావమరిదిని చూస్తారు, చూస్తూనే ఉంటారు, ఇంకా వస్తాదేమో ఇంకా వస్తాదేమో అని. పెద్దమ్మ ఏమీ అనదు. అది తెలుసు గనకే ఒళ్ళు మండుతోంది. ఆమె అరిచే మనిషయితే ఈ బాధ లేదు. "బాగుండాది పాపా" అంటుంది. ఇంటికి పోయేటప్పుడు బస్సులో వాళ్ళిద్దరికీ ఏదో ఒకటి చెప్పుకుంటుంది, నేనున్నది ఇంకో పక్క ఉంటాదిలే, తిప్పితే వస్తాది అని. క్రిస్టినా పిడికిలితో బల్ల మీద కొట్టింది. కుర్చీ బుస్సుమంది.

"ఏమ్మా, కంప్యూటర్ని కొట్టాకు, అది నీకేం చేసింది?" అన్నాడు దస్తగిరి ఫ్యాను కిందినుంచి. "పని చేసుకోక ఎందుకట్ల కూసున్నావు?"

"రాహుకాలం భాయ్."

"ఓ, నిజమే." ఆయన తల పైకెత్తి గోడ మీది కిరాణా అంగడి క్యాలెండర్ చదివాడు. ఆ క్యాలెండర్లో ఆయన ఉపవాసాలూ ఉంటాయి, ఈమె గుడ్ ఫ్రైడేలూ ఉంటాయి, రాహువు మాత్రం రోజూ ఉంటాడు. "పన్నెండు దాకా అనే రాసుండాది."

"రాహుకాలంలో పని చేస్తే కీడు ఎవరికి భాయ్? చేసినోళ్ళకా, ఎవరి పేరు మీద చేస్తే వాళ్ళకా?"

దస్తగిరి శ్రద్ధగా ఆలోచించాడు. ఆయనకు సంబంధం లేని విషయాల్లో ఆయన ఎప్పుడూ శ్రద్ధగానే ఆలోచిస్తాడు. "అంగడి తెరిచేది గుమాస్తానే గానీ, దివాలా తీసేది సేటే గదమ్మా."

అదేదో కాలేజీలో మూడేళ్ళు చదివినా రాని తెలివి ఒక్కసారిగా వచ్చి మీద పడినట్టయింది. నిజమే కదా. ఇప్పుడు ఎక్కించకపోతే పన్నెండుకు సైటు తెరుచుకోదు. ఎక్కిస్తే రాహుకాలంలో ఎక్కించినట్టు. రాహుకాలంలో సారు నిలువెత్తు ఫోటో ఎక్కిస్తే ఆ కీడు ఎవరికి? సారుకి. హారం ఎక్కిస్తే? హారానికి. ఏ పాపం ఎరగని బావమరిదికి కూడా. పెద్దవాళ్ళకు తెలిసి తెలిసి అట్లాంటి ద్రోహం చేయవచ్చా? చదువు చెప్పిన కాలేజీ! అదే పెద్దమ్మ అనుకో, ఆమె రోజూ పదిన్నర నుంచి పన్నెండు దాకా ఏం చేస్తుంది? లారీకి లోడు పేరుస్తుంది. శుక్రవారం రాహుకాలమని ఏ మేస్త్రీ ఆమెను నీడన కూర్చోమన్నాడు? మంచి ఘడియ చూసి బండ ఎత్తమని ఎవరన్నా చెప్పారా ఆమెకు? ఊళ్ళో గృహప్రవేశాలన్నీ ముహూర్తాలకే, ఆ ఇళ్ళలో బండలన్నీ రాహుకాలంలో ఎత్తినవే. క్రిస్టినా పెన్‌డ్రైవులో పాత అర తెరిచింది. నల్ల పేజీ అక్కడే ఉంది. ఒక రాయి, ఒక మొహం, ఒక పేరు. సినిమా మొన్ననే వేరేగా ఎక్కింది గనక మోతకు బరువే లేదు. దీపాలు లేవు, పరుగులు లేవు, వెయ్యిన్నూటపదహారు మంది దయ్యాలు లేరు. ఆ మూడూ పట్టి పంపింది. ఆకుపచ్చ గీత గూడ్సుబండిలా కదిలింది, ముద్దనూరు దగ్గర ఆగినట్టు ఆగింది, మళ్ళీ కదిలింది, కరెంటు పోకుండా ఉంటే చాలు ప్రభువా అని ఆమె, ఇన్షా అల్లా అని దస్తగిరి, ఎందుకో తెలియకుండానే. చేరింది. అప్పుడు ధైర్యం పోకముందే సారుకు ఫోను చేసింది.

"సార్, సైటు ఇప్పుడే ఎక్కించకుంటే పన్నెండుకు తెరుచుకోదు సార్."

"రాహుకాలంలో ఎట్లమ్మా! చెప్పినా గదా?"

"అందుకే సార్, మీవి, మేడమ్‌వి, పెద్దోళ్ళ ఫోటోలు ఒక్కటి గూడా ఎక్కించలేదు. రాహుకాలం కీడు మీకెందుకు తగలాల? ఆ సినిమాలో రాళ్ళు మోసే ఆమె ఫోటో ఒకటే పెట్టినా."

ఇప్పుడు పడతాయి తిట్లు అని ఫోను చెవికి కాస్త దూరం జరిపింది.

"శానా మంచి పని చేసినావమ్మా," అన్నారు నాగసుబ్బయ్య గారు. గొంతు నిజంగానే మెత్తబడింది. "ఇంత బుద్ధి మా బావమరిదికి గూడా లేదు. అట్లే ఉండనీ. మావి నిదానంగా, ఏ చెడ్డ ఘడియా అడ్డం లేకుండా చూసి, నువ్వే ఎక్కియ్యి. నీకే అప్పజెప్తాండా."

గెలిచాను అనుకోవాలి. అనుకోబోయింది కూడా. ఆటోలో కాలేజీకి పోతుంటే, ఆ ఎండలో, ఆ ఎదురుగాలిలో, సంతోషం రావలసిన చోట ఇంకా పెద్ద మంట వచ్చింది. మరి ఆమెకు కీడు తగిల్తే అని ఆయన అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. గొడుగు ఒకటే ఉన్నప్పుడు ఎవరు తడవాలో అందరికీ ముందే తెలిసినట్టు. అబద్ధానికి కూడా అడగలేదు!

గేటు దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు. పెద్దమ్మ క్రిస్మస్ పట్టుచీరలో ఉంది, అమ్మ ఎవరూ చెప్పకుండానే సగం నెగ్గింది. హాల్లో ప్రార్థన అయింది, దీపం వెలిగింది, మౌసుకు కుంకుమ పడింది. నాగసుబ్బయ్య గారు నొక్కారు. గోడంతా నల్లబడి, ఆ నలుపు నడుమ పెద్దమ్మ నవ్వింది, రాతిపొడి గీతలతో, గోడంత పెద్దగా. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం ముందు వరస వైపు చూశారు. వెనకనుంచి, "ఓయబ్బ! నా పాత చీర గూడా వచ్చిందే!" అని ఒక గొంతు, ఆ తర్వాత మూడు గొంతులు కలిసి నవ్వు. పెద్దమ్మ మాట తప్పలేదు, తెరను చూడటం మానేసి ఆ ఇద్దరి మొహాలనే చూస్తూ ఉంది. అప్పుడు ముందు వరసలో కన్యకమ్మ గారు మెడలో హారం సర్దుకుని, వెనక్కి తిరిగి, "మావి ఎప్పుడమ్మా?" అన్నారు.

"పన్నెండున్నరకు దుర్ముహూర్తం మేడమ్," అంది క్రిస్టినా. దస్తగిరి గోడ మీద చూసినంతవరకు అది నిజమే. "మూడింటికి యమగండం."

అయ్యా, అమ్మా, ఇంతవరకు చదివినవాళ్ళలో పంచాంగం తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మిమ్మల్ని చేతులెత్తి అడగవలసి వస్తోంది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి తిథి చూసినది కాదు, దస్తగిరికి తెలిసింది ఆ క్యాలెండర్ మేరకే. రేపు తొమ్మిదినుంచి రాహుకాలం ఉంది, మంచిదే. ఎల్లుండి సాయంత్రం ఉంది, అదీ మంచిదే. వర్జ్యాలున్నాయట, మూఢమని ఒకటి వస్తే నెలల తరబడి ఏ శుభమూ కదలదట, అది ఎప్పుడొస్తుందో, కాస్త ముందుగా రప్పించే ఉపాయమేమైనా ఉందో తెలియదు. చిక్కంతా వీటి మధ్య అక్కడక్కడా మిగిలిపోయే మంచి గంటలతోనే. వాటిలోనూ ఏదో ఒక దోషం దాగే ఉంటుంది, మన పెద్దలు ఒక గంటను అంత తేలిగ్గా వదిలిపెట్టే రకం కాదు. దయచేసి వెతికి చెప్పండి. హైదరాబాదులో పోటీ ముగిసేదాకా అయినా చాలు, అక్కడివాళ్ళు సైటు తెరిచి చూసే రోజున ఆ గోడ నల్లగా ఉంటే చాలు. దోషం చిన్నదైనా ఫరవాలేదు, మేడమ్‌కు చెప్పేటప్పుడు క్రిస్టినా కొంచెం పెద్దది చేసుకుంటుంది.